ఇథియోపియా క్రైస్తవ వ్యక్తిత్వం: 'కెబ్రా నెగస్త్' పై ఒక పరిశీలన

హబషా అనగానే తెలుగు ముస్లిం పాఠకుని మనసులో మెదిలే విషయాలు కొద్దివే. హజ్రత్ బిలాల్ (ర) అజాన్, నజాషీ దర్బారు, దక్కను చరిత్ర చదివినవారికైతే మలిక్ అంబర్. హైదరాబాదులోని ఎ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్విక దళం వల్ల వచ్చిందన్న సంగతి మరికొందరికి తెలిసి ఉండవచ్చును. అక్కడితో హబషా ముగిసిపోతుంది. దైవప్రవక్త (స) అనుచరులకు ఆశ్రయమిచ్చిన ఆ జాతి అంతకు ముందు ఏమి నమ్మింది, ఆ తరువాతి శతాబ్దాలలో తన్ను తాను ఏమని చెప్పుకొన్నది అనే ప్రశ్న సీరత్ గ్రంథాలలో గాని, జుమా ప్రసంగాలలో గాని వినిపించడం అరుదు. నజాషీ ఒక మంచి రాజుగా కనిపించి వెళ్లిపోతాడు. అతని ప్రజల ఊసు ఉండదు.

ఐరోపా రచయితలు చేసినది దీనికి సరిగ్గా తలక్రిందులు. వారి రాతలలో హబషా అంటే క్రైస్తవమే, క్రైస్తవం తప్ప మరొకటి లేదు. శత్రుమతాల నడుమ చిక్కుకొని వేయి సంవత్సరాలు లోకాన్ని మరచి నిద్రించిన జాతిగా ఇథియోపియనులను 18వ శతాబ్దిలో ఆంగ్ల చరిత్రకారుడు గిబ్బన్ చిత్రించాడు. 1891లో చక్రవర్తి రెండవ మెనెలిక్ ఐరోపా ప్రభుత్వాలకు పంపిన లేఖలో తన దేశాన్ని అన్యమతస్థుల సముద్రంలోని క్రైస్తవ ద్వీపంగా వర్ణించుకొన్నాడు. బయటివారి మాటా, లోపలివారి మాటా ఇలా కలిసినప్పుడు లోకం నమ్మడంలో ఆశ్చర్యం లేదు. కాని ఈ ద్వీపం ఉపమానంలో ఒక చిక్కు ఉన్నది. సముద్రం ద్వీపానికి వెలుపల ఉంటుంది. ఇథియోపియా ముస్లింలు వెలుపల లేరు. 2007 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఆర్థడాక్స్ క్రైస్తవులు నూటికి 43.5 మంది, ముస్లింలు 33.9 మంది, ప్రొటెస్టంట్లు 18.6 మంది. ప్రతి ముగ్గురిలో ఒకరు ముస్లిం అయిన దేశం క్రైస్తవ ద్వీపంగా ఎలా పేరు పొందగలిగింది? దీనికి సమాధానం వెదికేవారు తప్పక చదవవలసిన గ్రంథం 'కెబ్రా నెగస్త్'. రాజుల మహిమ అని ఆ పేరుకు అర్థం.

గ్రంథంలోకి వెళ్లే ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. క్రైస్తవం ఇథియోపియా సంస్కృతిపై వేసిన ముద్ర కల్పన కాదు, దానిని తక్కువ చేసి చెప్పడం న్యాయమూ కాదు. క్రీ.శ. 4వ శతాబ్దిలో అక్సూమ్ రాజు ఎజానా క్రైస్తవాన్ని స్వీకరించాడు. తూర్ నగరం నుండి వచ్చిన ఫ్రుమెంతియస్ అనే వ్యక్తిని అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ అక్సూమ్‌కు తొలి బిషప్‌గా నియమించాడు. ఎజానా నాణేలపై మొదట ఉన్న చంద్రవంక, బింబం గుర్తులు పోయి వాటి స్థానంలో శిలువ వచ్చింది. అంతకంటె ముఖ్యమైన మార్పు లిపిలో జరిగింది. దక్షిణ అరేబియా లిపి నుండి పుట్టిన గీజ్ రాతలో అంతవరకు అచ్చులకు గుర్తులు లేవు. ఈ కాలంలో ప్రతి హల్లుకూ ఏడు రూపాలు ఏర్పడ్డాయి. తెలుగు గుణింతం తెలిసినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. ఆ లిపిలోనే బైబిలు అనువాదమయింది. హనోకు గ్రంథం సంపూర్ణంగా నేడు దొరుకుతున్నది ఈ గీజ్ భాషలో మాత్రమే.

నిత్యజీవితం మాటకు వస్తే ఈ ముద్ర మరింత గాఢంగా కనిపిస్తుంది. పదమూడు నెలల పంచాంగం, బుధ శుక్రవారాల ఉపవాసం, సంవత్సరంలో దాదాపు సగం రోజులు మాంసం, పాలు, వెన్న ముట్టని నియమం, మగశిశువుకు నలభయ్యవ రోజున, ఆడశిశువుకు ఎనభయ్యవ రోజున బాప్తిస్మం, మెడలో కట్టుకొనే మతెబ్ అనే దారం. పేర్లు కూడా అంతే. హైలె సెలాసీ అంటే త్రిత్వపు శక్తి. గెబ్రె అంటే దాసుడు. 'గెబ్రె ఎగ్జియాబ్‌హేర్' అనే పేరును అరబీలోకి మార్చితే 'అబ్దుల్లాహ్' అవుతుంది. 'గెబ్రె మర్యమ్' అనే పేరు వద్ద మాత్రం ముస్లిం శ్రోత ఆగిపోక తప్పదు. ఇంకొక విశేషం: ఇతర క్రైస్తవులు వదిలివేసిన మూసా (అ) ధర్మశాస్త్ర ఆచారాలు ఇక్కడ నిలిచాయి. ఎనిమిదవ రోజున సున్తీ చేస్తారు, పందిమాంసం తినరు. శనివారాన్ని కూడా పవిత్ర దినంగా పాటించాలని ఎవొస్తాతెవోస్ అనుయాయులు పట్టుబట్టగా, 1450లో జరా యాకోబ్ చక్రవర్తి కాలపు మతసభ దానిని ఆమోదించింది.

ఇదంతా విశ్వాసం నుండి పుట్టిన సంస్కృతి. ఇందులో చాలా భాగం పొరుగున ఉన్న ముస్లింలకు పరాయిది కాదు. అదే పంచాంగంతో వారూ రోజులు లెక్కించుకొంటారు, అదే అమ్హారిక్, తిగ్రిన్యా భాషలు మాట్లాడతారు. క్రీ.శ. 615 ప్రాంతంలో హజ్రత్ జాఫర్ (ర) నజాషీ ఎదుట మర్యమ్ సూరా వినిపించినప్పుడు ఆ రాజు కంట నీరు పెట్టడానికి కారణం, ఆ కథ తెలిసిన విశ్వాసం అతని కుండడమే. అరబీకి, గీజ్‌కు మధ్య మాటల రాకపోకలు అప్పటికే ఉన్నాయి. నూర్ సూరాలోని 'మిష్కాత్' పదం హబషీ భాష నుండి వచ్చినదని ఇమామ్ సుయూతీ పేర్కొన్నాడు. అంటే అక్సూమ్ క్రైస్తవం ముస్లిం శరణార్థులను ఆదరించడానికి వంశవృక్షం అడగలేదు. ఈ సంగతి గుర్తుంచుకొని 'కెబ్రా నెగస్త్' తెరవాలి.

గ్రంథం నేడున్న రూపంలో 14వ శతాబ్ది మొదటి భాగానికి చెందినది. 1270లో యెకునో అమ్లాక్ జాగ్వే రాజవంశాన్ని కూలదోసి, తాను సులైమాన్ (అ) సంతతివాడనని ప్రకటించి గద్దెనెక్కాడు. ఆ వాదాన్ని నిలబెట్టే గ్రంథం రెండు తరాలలోపే తయారయింది. చివరి పుటలో ఉన్న వివరం ప్రకారం, అక్సూమ్‌కు చెందిన ఇస్హాఖ్ అనే మతాచార్యుడు దీనిని అరబీ నుండి గీజ్‌లోకి తెచ్చాడు. ఆ అరబీ ప్రతి 1225లో కాప్టిక్ నుండి అనువాదమయిందట. అరబీలో ఉన్న గ్రంథం అంతకాలం గీజ్‌లోకి ఎందుకు రాలేదన్న ప్రశ్నకు కూడా అక్కడే జవాబు ఉన్నది: అప్పటి రాజులు జాగ్వేలు, వారు ఇస్రాయీల్ సంతతి కారు. ఆ జాగ్వేలే లాలిబెలాలో ఒకే రాతిని తొలిచి చర్చీలు నిర్మించినవారు. దేశంలోకెల్లా గొప్ప క్రైస్తవ కట్టడాలను ఇచ్చిన వంశం కూడా ఈ కొత్త కొలబద్దకు చాలలేదు. గ్రంథపు ఉద్దేశం తెలుసుకోవడానికి ఈ ఒక్క వాక్యం చాలు.

సబా రాణి ఇథియోపియాకు చెందినదనే కథ మాత్రం ఇస్హాఖ్ పుట్టించినది కాదు. అబూ సాలిహ్ పేరుతో ప్రసిద్ధమైన ఈజిప్టు క్రైస్తవుల అరబీ గ్రంథంలో, హబషీల వద్ద ఒక పవిత్ర మందసం ఉన్నదనీ, దానిని మోసేవారు దావూద్ (అ) వంశీయులనీ అంతకు ముందే రాయబడింది. చెదురుగా ఉన్న ఐతిహ్యాలను ఏరి, కూర్చి, ఒక రాజ్యానికి జన్మపత్రంగా మార్చడంలోనే కెబ్రా నెగస్త్ కర్తల నేర్పు ఉన్నది.

కథ క్లుప్తంగా ఇది. ఇథియోపియా రాణి మాకెదాకు తమ్రీన్ అనే వర్తకుని ద్వారా సులైమాన్ (అ) జ్ఞానం గురించి తెలుస్తుంది. ఆమె జెరూసలేం వెళుతుంది, సూర్యారాధన మాని సృష్టికర్తను ఆరాధించడానికి నిశ్చయించుకొంటుంది. కథ ఇక్కడ ఆగి ఉంటే దివ్య ఖుర్ఆన్ నమల్ సూరాలోని వృత్తాంతానికి, దీనికి సారాంశంలో పెద్ద తేడా ఉండేది కాదు. అక్కడ వార్త తెచ్చినది హుద్ హుద్ పక్షి, ఇక్కడ వర్తకుడు. రెండింటిలోనూ సూర్యుని పూజించే రాణి సత్యాన్ని గ్రహిస్తుంది. ఖుర్ఆన్‌లో ఆ గ్రహింపుతో కథ పూర్తయిపోతుంది. ఆమె పేరు లేదు, వివాహం లేదు, సంతానం లేదు. ఆమె సులైమాన్ (అ) తో పాటు సర్వలోక ప్రభువుకు విధేయురాలయింది, అంతే.

కెబ్రా నెగస్త్‌కు అసలు కథ అక్కడే మొదలవుతుంది. రాజు ఆమెకు కారం, మసాలాలు దట్టించిన విందు చేయిస్తాడు. తన అనుమతి లేనిదే తన సొత్తు ఏదీ ముట్టనని ఆమెతో ప్రమాణం చేయిస్తాడు. రాత్రి దాహానికి ఆమె నీళ్లు తాగగానే ప్రమాణభంగమయిందని ఆమెను వశపరచుకొంటాడు. పుట్టిన కుమారుడు ఇరవై రెండేళ్ల వయసులో తండ్రిని చూడడానికి వెళతాడు. తిరుగు ప్రయాణంలో, వెంట వచ్చిన పూజారి కొడుకు అజర్యా దేవాలయం నుండి మందసాన్ని అపహరిస్తాడు. దైవదూత సహాయంతో బండ్లు నేలకు తగలకుండా పరుగెత్తుతాయి. సులైమాన్ (అ) వెంటాడి, అందుకోలేక విలపిస్తాడు. సూర్యుడు ఇస్రాయీల్‌ను విడిచి ఇథియోపియాపై ప్రకాశించినట్లు ఆయనకు అంతకు ముందే కల వచ్చి ఉంటుంది.

ఒక ప్రవక్తకు మోసపు విందును అంటగట్టడం ముస్లిం పాఠకునికి ఎంతమాత్రం సమ్మతం కాదు. అయితే ముస్లిం విమర్శకులు ఈ ఒక్క అభ్యంతరం చెప్పి పుస్తకం మూసివేయడం తొందరపాటు. బిల్ఖీస్ పేరుతో పెళ్లి కథలు, కాళ్ల వెంట్రుకల కథలు అల్లినవారు ముస్లింలలోనూ తక్కువేమీ కాదు, సాలబీ రాసిన 'ఖిససుల్ అంబియా' చూస్తే తెలుస్తుంది. ఆ కథలపై ఏ రాజ్యమూ నిలబడలేదు. కెబ్రా నెగస్త్‌పై నిలబడింది. అసలు తేడా ఇక్కడ ఉన్నది.

మందసం విషయంలో ఈ తేడా మరింత స్పష్టం. ఖుర్ఆన్ బఖరా సూరాలోనూ ఒక మందసం, 'తాబూత్', రాజ్యాధికారానికి గుర్తుగా వస్తుంది. గీజ్‌లో దీనినే 'తాబోత్' అంటారు, రెండు భాషల చుట్టరికం అంత దగ్గరిది. కాని ఖుర్ఆన్‌లో ఆ గుర్తు ఎవరి కోసం వచ్చింది? తాలూత్ కోసం. తమకు కాక అతనికి రాజ్యార్హత ఎక్కడిదని, అతనికి సంపద కూడా లేదని ఇస్రాయీల్ పెద్దలు ఆక్షేపించారు. అతనికి జ్ఞానం, దేహబలం ప్రసాదింపబడ్డాయన్నది వారికి వచ్చిన సమాధానం. అంటే పుట్టుకను బట్టి వచ్చిన ఆక్షేపణను కొట్టివేయడానికి తాబూత్ వచ్చింది. కెబ్రా నెగస్త్‌లో అదే తాబూత్ పుట్టుకను నిలబెట్టడానికి వస్తుంది. మాకెదా పశ్చాత్తాపం, ఆమె కొత్త విశ్వాసం, రెండూ కొడుకు రక్తం ముందు చిన్నబోతాయి. పైగా ఇకపై స్త్రీ ఎవరూ రాజ్యమేలరాదని ఆమె చేతనే గ్రంథం శాసనం చేయిస్తుంది. (1916లో ఇథియోపియా సింహాసనమెక్కిన జౌదితూ స్త్రీయే. అవసరమైనప్పుడు ఈ శాసనాన్ని ప్రభువర్గాలు పక్కన పెట్టగలిగాయి.)

బెజోల్డ్ 1905లో మ్యూనిక్‌లో అచ్చువేసిన గీజ్ మూలంలో గాని, బడ్జ్ 1922లో ప్రకటించిన ఆంగ్ల అనువాదంలో గాని ఒక పేరు పాఠకుని ఆకర్షిస్తుంది. తరువాతివారు మెనెలిక్ అని పిలిచిన కుమారునికి గ్రంథం పెట్టిన పేరు 'బైన లెహ్కెమ్'. గీజ్‌లో దీనికి అర్థం చెప్పడం కష్టం. ఇది అరబీ 'ఇబ్నుల్ హకీమ్', అంటే జ్ఞాని కుమారుడు అన్న మాటకు వికృతి. మదరసాలో తొలి సంవత్సరం చదివిన విద్యార్థి కూడా దీనిని పోల్చగలడు. మూలపురుషుని పేరే అరబీ. అయినా ఈ గ్రంథం కల్పించిన ఇథియోపియాలో అరబీ చదివే ఇథియోపియనునికి చోటు దొరకలేదు.

చోటు దొరకలేదన్నది అలంకారంగా అన్న మాట కాదు. ఎత్తైన పీఠభూమిలో పుట్టి పెరిగిన ముస్లింలను జబర్తీలు అంటారు. క్రైస్తవ రైతుకు 'రిస్త్' అనే వంశపారంపర్య భూమి హక్కు ఉండేది. అది జబర్తీకి సాధారణంగా లేదు, అందుచేత అతడు వర్తకుడో నేతగాడో అయ్యాడు. 1668లో చక్రవర్తి మొదటి యోహన్నెస్ హయాంలో ముస్లింలు క్రైస్తవులకు దూరంగా వేరు పేటలలో ఉండాలని శాసించారు. ఒకరు జబహ్ చేసిన మాంసం మరొకరు తినరు. ఇది రెండు వైపులా పాటించినదే, ఇందులో ఒకరిని మాత్రమే తప్పుపట్టడం కుదరదు. కైరోలోని అల్ అజ్హర్‌లో జబర్తీ విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక రివాఖ్ ఉండేది. ఈజిప్టు చరిత్రకారుడు అబ్దుర్రహ్మాన్ అల్ జబర్తీ పూర్వీకులు అక్కడివారే. స్వదేశంలో పరాయి అయినవాడు కైరోలో హబషీగా గుర్తింపబడ్డాడు.

ఇక్కడ అహ్మద్ బిన్ ఇబ్రాహీం అల్ గాజీ దండయాత్రల ప్రస్తావన తప్పదు. ఇథియోపియనులు అతనిని 'గ్రాఞ్', అంటే ఎడమచేతివాటం వాడు అంటారు. 1529లో షింబ్రా కురే యుద్ధం గెలిచినది మొదలు 1543లో మరణించేవరకు అతని సైన్యాలు చర్చీలను, మఠాలను తగలబెట్టాయి. ఆ సంగతి అతని పక్షాన నిలిచిన అరబ్ ఫఖీహ్ రాసిన 'ఫుతూహుల్ హబషా' లోనే ఉన్నది. హబషీలు మీ జోలికి రానంతవరకు మీరు వారి జోలికి పోవద్దన్న హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉండగా ఈ విధ్వంసాన్ని సమర్థించడానికి కొందరు ముస్లిం రచయితలు పడే తాపత్రయం విచారకరం. ఆ పద్నాలుగేళ్లు క్రైస్తవ ఇథియోపియనుని జ్ఞాపకంలో శతాబ్దాలుగా నిలిచిపోయాయి. ముట్టడిలో ఉన్న సియోను అనే కెబ్రా నెగస్త్ భావనకు అంతకంటె బలమైన సాక్ష్యం ఎవరు ఇవ్వగలిగేవారు?

గ్రంథపు అధికారం ఎంతటిదో 1872 నాటి ఒక సంఘటన తెలుపుతుంది. 1868లో బొంబాయి నుండి బయలుదేరిన బ్రిటిష్ ఇండియా సైన్యం మఖ్దలా కోటను పట్టుకొని అక్కడి వ్రాతప్రతులను లండన్ తరలించింది. వాటిలో కెబ్రా నెగస్త్ కూడా ఉన్నది. చక్రవర్తి నాలుగవ యోహన్నెస్ బ్రిటిష్ ప్రభుత్వానికి లేఖ రాసి, ఆ గ్రంథం లేనిదే తన ప్రజలు తన ఆజ్ఞలను పాటించరని, తిరిగి పంపమని కోరాడు. బ్రిటిష్ మ్యూజియం ప్రతిని పంపివేసింది. ఆరేళ్ల తరువాత, 1878లో అదే యోహన్నెస్ బోరు మేదాలో సభ జరిపి, వొల్లో ప్రాంతపు ముస్లింలు నిర్ణీత గడువులో క్రైస్తవులు కావాలని ఆజ్ఞాపించాడు. పగలు చర్చికి వెళ్లి రాత్రి నమాజు చేసుకొన్న కుటుంబాలు ఎన్నో. వొల్లో నాయకుడు ముహమ్మద్ అలీ అప్పుడే మికాయేల్ అయ్యాడు. అతని కొడుకు ఇయాసు, రెండవ మెనెలిక్‌కు కూతురి కొడుకు, 1913లో రాజ్యానికి వచ్చాడు. ముస్లింలతో చెలిమి చేశాడు, వారి కుటుంబాలతో వియ్యమందాడు. 1916 సెప్టెంబరులో అతడు ఇస్లాం స్వీకరించాడన్న అభియోగంతో ప్రభువర్గాలు పదవి నుండి తొలగించాయి. ఆ ప్రభువులను విధేయతా ప్రమాణం నుండి విముక్తులను చేసిన మతాధిపతి ఈజిప్టు దేశస్థుడు. 1959 వరకు ఇథియోపియా చర్చి అలెగ్జాండ్రియా ఏలుబడిలోనే ఉండేది. ఈజిప్టు నుండి వచ్చిన బిషప్ ఇథియోపియనుడే, వొల్లోలో పుట్టిన ముస్లిం మాత్రం అనుమానితుడు!

1931 రాజ్యాంగం చక్రవర్తి వంశాన్ని సులైమాన్ (అ) కు, సబా రాణికి పుట్టిన మెనెలిక్ నుండి తెగని పరంపరగా ప్రకటించింది. 1955 రాజ్యాంగం అదే మాట తిరిగి చెప్పి, ఆర్థడాక్స్ చర్చిని రాజ్యపు అధికార చర్చిగా నిర్ణయించింది. పురాణం చట్టమయింది. ముస్లింలను 'ఇథియోపియాలో నివసించే ముస్లింలు' అనడమే వాడుక, 'ఇథియోపియా ముస్లింలు' అనడం కాదు.

ఇంత జరిగినా ఆ ముస్లింలు ఆ భాషను వదలలేదు. వొల్లోలో షేఖ్ ముహమ్మద్ షాఫీ మొదలైన ఉలమా కాలం నుండి దైవప్రవక్త (స) స్తుతిగా పాడుకొనే మెన్జుమా గేయాలు అమ్హారిక్ భాషలో వర్ధిల్లాయి. చాలా కాలం అవి అరబీ లిపిలో రాయబడ్డాయి. 1969లో ఖుర్ఆన్ అమ్హారిక్ అనువాదం హైలె సెలాసీ చక్రవర్తి ప్రోత్సాహంతోనే అచ్చయింది. రాజనీతి ఏదైనా కావచ్చును. చర్చి భాషగా పేరుబడిన గీజ్ అక్షరాలలో ఖుర్ఆన్ భావం వెలువడింది. ఇథియోపియా సంస్కృతిని గురించి రాసే పండితులు శిలువ ఊరేగింపులకు కేటాయించిన పుటలలో పదోవంతైనా ఈ సాహిత్యానికి ఇవ్వలేదు. క్రైస్తవ మిషనరీ అయిన ట్రిమింగ్హామ్ 1952లో రాసిన గ్రంథంలో కూడా ఇథియోపియా ఇస్లాం ఎక్కువగా బయటినుండి వచ్చి మీద పడిన శక్తిగానే కనిపిస్తుంది. ఈ లోటును కొంత తీర్చినది వొల్లో ఇస్లాంపై హుసేన్ అహ్మద్ 2001లో ప్రకటించిన పరిశోధన.

1974 ఏప్రిల్ 20న అద్దిస్ అబాబా వీధులలో లక్షమంది వరకు ముస్లింలు ఊరేగారు. క్రైస్తవులు కూడా వారితో నడిచారు. తమ పండుగలను గుర్తించాలని, తమను ఇథియోపియా ముస్లింలుగా పిలవాలని వారు కోరారు. అదే సంవత్సరం సెప్టెంబరులో చక్రవర్తి పదవి పోయింది. ఆ తరువాత వచ్చిన సైనిక ప్రభుత్వం మూడు ముస్లిం పండుగలను జాతీయ సెలవులుగా ప్రకటించింది. 1995 రాజ్యాంగం మతాన్ని, రాజ్యాన్ని వేరు చేసింది.

చట్టం నుండి తొలగిన కెబ్రా నెగస్త్ అక్సూమ్ నగరం నుండి తొలగలేదు. మందసం అక్కడి మర్యమ్ సియోన్ చర్చిలోనే ఉన్నదని విశ్వాసులు నమ్ముతారు. 2019లో ఆ నగర ముస్లింలు మస్జిదు కట్టుకోవడానికి అనుమతి కోరినప్పుడు, మక్కాలో చర్చి లేనట్లే ఇక్కడ మస్జిదు ఉండరాదని క్రైస్తవ పెద్దలు సమాధానమిచ్చారు. నజాషీ రాజ్యానికి రాజధాని ఆ నగరమే. ఆయన సమాధిగా తిగ్రాయ్ ముస్లింలు భావించే నెగాష్ గ్రామం కూడా అదే రాష్ట్రంలో ఉన్నది. 2020 నవంబరులో తిగ్రాయ్ యుద్ధంలో ఫిరంగి దెబ్బలకు నెగాష్ మస్జిదు దెబ్బతిన్నది, లోపలి వస్తువులు దోపిడీకి గురయ్యాయి. అదే నెలాఖరున ఎరిత్రియా సైనికులు అక్సూమ్‌లో వందలాది పౌరులను చంపారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదించింది.